తిరుపతి ఇళ్లలో ఇరుకు నడవ: సర్దుకోవడం, అలంకరించుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధుల్లో, కొర్లగుంట సందుల్లో చాలా ఇళ్లకు ముందు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. తలుపు తీయగానే హాలు రాదు, ముందొక సన్నటి నడవ వస్తుంది. కొత్త అపార్ట్‌మెంట్లలోనూ తలుపుకూ హాలుకూ మధ్య ఇలాంటి పాసేజ్ ఒకటి ఉంటోంది. ఇంటికి వచ్చినవాళ్లు మొదట అడుగుపెట్టే ఈ చోటును చాలామంది చెప్పులకు, పాత పేపర్లకు, ఖాళీ వాటర్ క్యాన్లకు వదిలేస్తారు. హాలుకు, వంటింటికి పెట్టే శ్రద్ధలో కొంతైనా దీనికి దక్కాలని నా గట్టి అభిప్రాయం. తెలిసినవాళ్లు, బంధువులు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

మా నడవ వెడల్పు నాలుగడుగులు కూడా లేదు. అసలు ఇందులో ఏమైనా పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ముందు టేపు తీసుకోండి. ఒకచోట కొలిచి వదిలేయకండి. పిల్లర్ గోడలోంచి బయటికి వచ్చిన చోట, తలుపు పూర్తిగా తెరిచినప్పుడు దాని అంచు చేరే చోట విడివిడిగా కొలవండి. వీటిలో తక్కువ వచ్చిందే మీ నడవ అసలు వెడల్పు. అందులోంచి మూడడుగులు నడిచే దారికి తీసి పక్కన పెట్టేయండి. చేతిలో సంచి ఉన్న మనిషి గోడకు రాసుకోకుండా వెళ్లడానికి అంత కావాలి. తప్పనిసరైతే కొద్ది దూరం రెండున్నర అడుగులకు తగ్గొచ్చు, అంతకంటే తగ్గించొద్దు.

మిగిలిందే సామానుకు. మూడున్నర అడుగుల నడవలో ఆరంగుళాలు మిగులుతాయి, నాలుగడుగుల దాంట్లో అడుగు. ఆరంగుళాల్లో కొక్కేలు, సన్నటి అర, అద్దం, పటాలు పడతాయి. అడుగు దొరికితే చెప్పుల అలమర కూడా పడుతుంది.

కొనేముందు ఒక పని చేయండి. పాత దినపత్రికలను ఆ వస్తువు కొలతకు కత్తిరించి నేల మీద టేపుతో అంటించండి. నాలుగైదు రోజులు ఇంట్లోవాళ్లు మామూలుగా తిరగనివ్వండి. అందరూ ఆ కాగితాన్ని తొక్కుతూనే ఉంటే ఆ వస్తువుకు అక్కడ చోటు లేదని అర్థం. అంగడిలో పెద్ద హాలు మధ్యలో చూసినప్పుడు ఏ అలమరైనా చిన్నగానే కనిపిస్తుంది.

బీరువా, ఫ్రిజ్, మంచం, గ్యాస్ సిలిండర్ అన్నీ ఈ దారినే రావాలి, పోవాలి. అందుకే నడవలో పెట్టేది ఏదైనా స్క్రూలు విప్పితే ఊడి వచ్చేలా ఉండాలి.

చెప్పుల స్టాండు లోపలా, బయటా?

సొంత ఇల్లయితే, తలుపు బయట కప్పు ఉంటే బయటే పెట్టుకోండి. అపార్ట్‌మెంట్‌లో మాత్రం కామన్ కారిడార్‌లో పెట్టొద్దు. అగ్నిప్రమాదం జరిగినప్పుడు పొగలో అందరూ తడుముకుంటూ బయటపడే దారి అది. పక్కింటివాళ్లూ పెట్టారు కదా అనే మాట ఆ రోజు పనికిరాదు.

లోపల పెట్టాల్సి వస్తే మామూలు అలమర వద్దు. పెద్దవాళ్ల చెప్పు పది నుంచి పన్నెండు అంగుళాల పొడవు ఉంటుంది కాబట్టి మామూలు అలమరకు అడుగుకు పైగా లోతు కావాలి. చెప్పులు నిలువుగా నిలబడేలా, తలుపు ముందుకు వాలేలా చేసే అలమరలు ఏడు నుంచి తొమ్మిది అంగుళాల లోతులోనే వస్తాయి. ఇరుకు నడవకు అవే సరి. మన ఎండకు, చెమటకు పూర్తిగా మూసిన పెట్టె వాసన పడుతుంది. తలుపులకు గాలి చిల్లులు పెట్టించండి. అలమరను నేల మీద కూర్చోబెట్టకుండా ఆరంగుళాల ఎత్తున గోడకు బిగిస్తే కింద చీపురు తిరుగుతుంది, తడి తగలదు.

మనిషికి రోజూ వాడే జతలు ఒకటో రెండో అక్కడ ఉంటే చాలు. పెళ్లిళ్లకు తొడిగే బూట్లు, పట్టీల చెప్పులు డబ్బాల్లో వేసి లోపలి గదిలోనో అటక మీదో పెట్టండి.

కొండకు వచ్చే బంధువుల బ్యాగులతో నడవంతా నిండిపోతోంది. ఏం చేయాలి?

ఇది మన ఊరికే ప్రత్యేకమైన సమస్య. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు గీసిన డిజైన్లలో దీనికి జవాబు దొరకదు. తిరుపతిలో ఇల్లు ఉందంటే బంధువులకు కొండెక్కే ముందు దిగే చోటు ఉన్నట్టే. తెల్లవారుజామున రైలు దిగి వస్తారు, స్నానాలు చేసి బ్యాగులు ఇక్కడే వదిలి కొండకు పోతారు. తిరుమల గుడి చుట్టూ ఉన్న మాడ వీధుల్లో చెప్పులకు అనుమతి లేదు కాబట్టి చెప్పులూ ఇక్కడే వదిలేవాళ్లు ఎందరో. తిరిగి వచ్చేటప్పుడు చేతుల్లో లడ్డూల కవర్లు, తీర్థం సీసాలు. ఈ రాకపోకలన్నీ పడేది నడవ మీదే. కాబట్టి మన నడవను వాళ్లను దృష్టిలో పెట్టుకునే సర్దాలి. వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడాలో తెలియక గుమ్మంలో ఆగిపోతే మనకే బాధగా ఉంటుంది.

ఒక పక్క గోడను నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు పూర్తిగా ఖాళీగా ఉంచండి. చక్రాల బ్యాగుల్లో చిన్న సైజువి సుమారు 22 అంగుళాల ఎత్తు, తొమ్మిది పది అంగుళాల మందం ఉంటాయి. గోడకు ఆనించి వరసగా నిలబెడితే నాలుగడుగుల నడవలో ఇంకా మూడడుగుల దారి మిగులుతుంది. బ్యాగులు రాసుకుని గోడ రంగు పోకుండా కింద అడుగు ఎత్తు వరకు టైల్స్ గానీ కడప బండ గానీ వేయించండి. కడప బండకు నూనె గుడ్డతో అప్పుడప్పుడు తుడిస్తే నల్లగా నిగనిగలాడుతుంది. మన ప్రాంతపు ఇంటికి దానికంటే నప్పే రాయి నాకు కనబడదు.

దాని పైన కొక్కేలు రెండు వరసలు. పెద్దవాళ్లకు ఐదడుగుల ఎత్తున, పిల్లలకు మూడు, మూడున్నర అడుగుల ఎత్తున. నిండిన చేతిసంచి ఐదారు కిలోలు ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ అంటింపు కొక్కేలు ఇక్కడ పనికిరావు, గోడలో ప్లగ్ వేసి స్క్రూతో బిగించాల్సిందే.

ఇక ప్రసాదం. లడ్డూల కవరును ఎవరూ చెప్పుల పక్కన నేల మీద పెట్టరు. చేతుల్లో పట్టుకుని చెప్పులు విప్పడానికి అవస్థ పడతారు. అందుకే ఛాతీ ఎత్తున, తలుపుకు దగ్గర్లో ఆరంగుళాల లోతుతో ఒక అర బిగించండి. దాని మీద ఎక్కువ సామాను సర్దకండి, కవరు పెట్టేంత చోటు ఖాళీగా ఉండాలి. మామూలు రోజుల్లో తాళంచెవులు, పాల టోకెన్లు అక్కడే ఒక చిన్న గిన్నెలో ఉంటాయి. అర పక్కనే ఒక సాకెట్ ఉంటే వచ్చినవాళ్ల ఫోన్లు ఛార్జింగ్‌కు హాల్లో సోఫా వెనకాల వెతుక్కునే పని తప్పుతుంది.

కూర్చుని చెప్పులు విప్పుకోవడానికి చోటు లేదు. స్టూలు పెట్టొచ్చా?

స్టూలు వద్దు, కాళ్లకు తగులుతుంది. గోడకు బిగించి, వాడనప్పుడు పైకి మడిచేసే బల్ల వేయించండి. మడిచినప్పుడు మూడు నాలుగు అంగుళాలకు మించి ముందుకు రాదు. ఎత్తు 17 నుంచి 18 అంగుళాలు ఉండాలి. అంతకంటే తక్కువైతే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేవలేరు. పక్కనే గోడకు పట్టుకుని లేవడానికి ఒక స్టీలు కడ్డీ కూడా వేయించండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వచ్చిన మనిషి మీ గుమ్మంలో కూర్చున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. బల్ల బిగించేది నాలుగున్నర అంగుళాల గోడైతే బోల్టును అవతలి వైపు దాకా తీసి ప్లేటు వేసి బిగించమని కార్పెంటర్‌కు చెప్పండి. ఊరికే స్క్రూలు మనిషి బరువు ఆపవు.

పాత ఇంటి ముందు అరుగు ఉన్నవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. దయచేసి ఆ అరుగును బైకు నిలుపుకోవడానికని పగలగొట్టకండి.

పగలు కూడా చీకటిగా ఉంటుంది. ఏ లైట్లు వేయాలి?

మొదట తలుపు పైన వెంటిలేటర్ ఉందేమో చూడండి. దోమలొస్తాయని చాలామంది అట్టముక్కతో మూసేస్తారు. దానికి దోమతెర బిగించి వెలుగును రానివ్వండి. చెక్క తలుపుకు ముందు గ్రిల్ తలుపు ఉంటే దానికీ తెర బిగించుకుంటే పగలంతా చెక్క తలుపు తీసి ఉంచొచ్చు.

లైట్ల విషయంలో, మధ్యలో ఒక పెద్ద లైటు కంటే దూరదూరంగా రెండు చిన్నవి మేలు. ఒకటే ఉంటే మన నీడ మన ముందే పడి తాళం రంధ్రం కూడా కనబడదు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ రెండు ఉంటే పది పన్నెండు అడుగుల నడవకు ధారాళంగా సరిపోతాయి. డబ్బా మీద 3000 కె అని రాసినది తీసుకుంటే వెలుగు కాస్త పసుపుగా, మెత్తగా ఉంటుంది. 6500 కె తెల్లటి వెలుగు ఇరుకు గోడల మధ్య ఆసుపత్రిలా అనిపిస్తుంది. మనిషి కదలికకు వెలిగే సెన్సార్ లైటు ఒకటి కింద వరసలో పెట్టుకుంటే తెల్లవారుజామున దర్శనానికి బయల్దేరేవాళ్లు ఇల్లంతా నిద్రలేపరు.

గోడలకు ఏ రంగు?

పక్క గోడలు రెండూ లేత రంగు, కప్పు తెలుపు. చివర ఎదురుగా కనబడే గోడకు మాత్రం కాస్త ముదురు రంగు వేస్తే నడవ పొడవు తగ్గి, వెడల్పు పెరిగినట్టు కనిపిస్తుంది. చేతులు తగిలే చోట కడిగినా పోని ఎమల్షన్ వేయించండి.

తలుపుకు ఎదురుగా అద్దం పెట్టొద్దంటారు. మరి ఎక్కడ?

వాస్తు పాటించేవాళ్లు వద్దంటారు. వాస్తు సంగతి పక్కన పెట్టినా నేనూ ఎదురుగా వద్దనే చెబుతాను. తలుపు తీసినప్పుడల్లా వీధిలో ఎండ అద్దంలో పడి కళ్లలోకి కొడుతుంది. పక్క గోడకు పెడితే ఎదుటి గోడ అందులో కనబడి నడవ విశాలంగా అనిపిస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లకూ అభ్యంతరం ఉండదు. అద్దం మధ్యభాగం నేల నుంచి ఐదడుగుల లోపు ఉంటే పొట్టివాళ్లకు, పొడుగువాళ్లకు ఇద్దరికీ సరిపోతుంది. ఎదుటి గోడకు చెప్పుల అలమర లేకుండా చూసుకోండి, లేకపోతే చెప్పులు రెండింతలు కనిపిస్తాయి.

స్వామి పటం నడవలో పెట్టుకోవచ్చా? క్యాలెండర్లు?

మన ఊళ్లో స్వామి పటం లేని గుమ్మం అరుదు. చెప్పులున్న గోడకు మాత్రం వద్దు. తలుపు తీయగానే ఎదురుగా కనబడే గోడకు, లేదా హాలులోకి వెళ్లే గుమ్మం పైన పెట్టండి. పటం పైన ఒక చిన్న లైటు వేస్తే నడవకు వేరే అలంకరణ అక్కర్లేదు. నూనె దీపం మాత్రం నడవలో వేలాడే గుడ్డకు, తెరకు దూరంగా ఉండాలి. ఇరుకు దారిలో చీర కొంగు తగిలే అవకాశం ఎక్కువ, కాబట్టి భుజం ఎత్తుకు పైన, గోడలోకి ఉన్న గూట్లోనే దీపం పెట్టండి.

టీటీడీ క్యాలెండర్ ఒకటి ఉంచండి, చాలు. ఏటా వచ్చేవన్నీ ఒకదాని పక్కన ఒకటి తగిలిస్తే గాలికి రెపరెపలాడి గోడంతా గీతలు పడుతుంది.

మన ప్రాంతపు కళను ఎలా పెట్టుకోవాలి? కలంకారీ బాగుంటుందా?

ఇరుకు నడవకు శ్రీకాళహస్తి కలంకారీ అంతగా నప్పేది ఇంకొకటి లేదని నమ్ముతాను. దానికి కారణం ఉంది. హాల్లో పటాన్ని పదడుగుల దూరం నుంచి చూస్తాం, అక్కడ పెద్ద రంగులు కావాలి. నడవలో గోడకూ మన కంటికీ మధ్య రెండు మూడడుగులే. అంత దగ్గర నుంచి చూసినప్పుడు వెదురు కలంతో చేత్తో గీసిన గీత ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ ఒత్తి పట్టిందో కూడా కనబడుతుంది. మచిలీపట్నం కలంకారీ అచ్చులతో అద్దేది, అదీ అందమైనదే, కానీ దగ్గర చూపుకు చేతిగీతే బాగుంటుంది.

నూలు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చే ద్రవంతో నల్ల గీతలు గీస్తారు. సహజ రంగులు కాబట్టి నేరుగా ఎండ పడితే వెలిసిపోతాయి. తలుపు తీసినప్పుడు ఎండపట్టె పడే గోడకు పెట్టొద్దు. చెమ్మ పట్టే గోడకూ వద్దు. అద్దం వేసి ఫ్రేము కట్టించండి, గుడ్డ అద్దానికి అంటుకోకుండా మధ్యలో కాస్త సందు ఉండాలి. ఫ్రేము మందం రెండంగుళాలు దాటితే భుజానికి తగులుతుంది. ఒక పొడవాటి పట్టీ లాంటి కలంకారీని నేల నుంచి మధ్యభాగం 58 అంగుళాల ఎత్తున వచ్చేలా పెడితే నడుస్తూ కథ చదువుకున్నట్టు ఉంటుంది. శ్రీకాళహస్తి తిరుపతి నుంచి సుమారు 40 కిలోమీటర్లే కదా, వెళ్లి గీసేవాళ్ల దగ్గరే మీ గోడ కొలత చెప్పి వేయించుకోండి. ఆ డబ్బు గీసిన చేతికి చేరుతుంది.

పలమనేరు మట్టి బొమ్మల్లో గోడకు తగిలించేవి తీసుకోండి. పెద్ద కుండలు అందంగా ఉంటాయి గానీ నేల మీద చోటు తినేస్తాయి.

మాధవమాల చెక్క బొమ్మలు తెచ్చుకోవచ్చా? ఎర్రచందనంవి?

ఏర్పేడు దగ్గరి మాధవమాలలో చెక్కే బొమ్మలు తప్పక తెచ్చుకోండి, చిన్నవి అర మీద ఒకటి చాలు. ఎర్రచందనం విషయంలో బిల్లు, అటవీ శాఖ అనుమతి పత్రాలు లేకుండా ఏదీ కొనకండి. శేషాచలం చెట్టును నరికి దొంగచాటుగా తెచ్చిన చెక్క మన గుమ్మంలో ఉండకూడదు, చట్టరీత్యా కూడా నేరమే.

ప్రతి పండక్కీ తోరణం కోసం మేకులు కొట్టి గుమ్మం పాడైంది.

గుమ్మం పైన రెండు చివర్లా, మధ్యలో ఒకటి, చిన్న ఇత్తడి కొక్కేలు శాశ్వతంగా బిగించేయండి. ఉగాదికి మామిడాకులు, గంగజాతరకు వేపాకు, పెళ్లికి పూలదండ అన్నీ వాటికే. ఎండిన ఆకులు వారం దాటనివ్వకండి. ముగ్గు గుమ్మం బయటే వేయండి, నునుపు టైల్స్ మీద పొడి పడితే కాలు జారుతుంది. లోపల కావాలంటే గడప వెంబడి పెయింట్‌తో సన్నటి ముగ్గు వేయించుకోండి.

వానాకాలంలో నడవంతా బురద, తడి.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరు వరదలో తిరుపతిలో ఎన్నో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. పల్లపు వీధుల్లో ఉన్నవాళ్లు నడవలో నేలకు ఆనే చెక్క సామాను పెట్టకండి, సాకెట్లు ఎత్తులోనే పెట్టించండి. గుమ్మం బయట గరుకు కొబ్బరిపీచు పట్టా, లోపల నీళ్లు పీల్చే నూలు పట్టా, రెండూ కావాలి. లోపలి పట్టాకు కింద రబ్బరు ఉండాలి, తలుపు కింద ఇరుక్కోనంత పల్చగా ఉండాలి. గొడుగులకు కింద ఒక స్టీలు పళ్లెం పెట్టండి.

ఏ చెక్క మన్నుతుంది?

పార్టికల్ బోర్డు తడి తగిలితే ఉబ్బిపోతుంది, నడవకు అసలు వద్దు. ప్లైవుడ్‌లో ఐఎస్ (భారత ప్రమాణం) 710 ముద్ర ఉన్నది నీళ్లకు తట్టుకుంటుంది. ఐఎస్ 303 ఎంఆర్ రకం గాలిలో తేమ వరకే. చెదల భయం ఉంటే చెప్పుల అలమర డబ్ల్యూపీసీతో, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన బోర్డుతో చేయించుకోండి.

అద్దె ఇల్లు. ఓనర్ మేకు కొట్టనివ్వడం లేదు.

తలుపు పైఅంచుకు తగిలించే కొక్కేలు దొరుకుతాయి. అంటించే కొక్కేలు టైల్స్ మీద, నునుపు చెక్క మీద బాగా పట్టుకుంటాయి, సున్నం వేసిన గోడ మీద పొరతో సహా ఊడిపోతాయి. ముందున్నవాళ్లు వేసిన పాత మేకులు, రంధ్రాలు ఎక్కడున్నాయో చూడండి, వాటినే వాడుకోవడానికి ఏ ఓనరూ కాదనరు. చేరేముందే వాటికి ఫొటో తీసి పెట్టుకుంటే ఖాళీ చేసే రోజు అడ్వాన్సు దగ్గర టెన్షన్ ఉండదు.

మొక్కలు?

వెలుగు తక్కువ ఉన్నా మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్ బతుకుతాయి. తులసికి ఎండ కావాలి, నడవలో పెట్టి దాన్ని బాధపెట్టకండి. సీసాలో పెంచే మనీప్లాంట్ నీళ్లు వారానికోసారి తప్పక మార్చండి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచినీళ్లలోనే. పిల్లలు ఆకులు నమలకుండా ఎత్తులో ఉంచండి.

ఇన్వర్టర్, కరెంటు బాక్స్ నడవలోనే ఉన్నాయి. కప్పేయొచ్చా? ఎలక్ట్రిక్ స్కూటర్ లోపలే ఛార్జింగ్ పెడుతున్నాం.

కరెంటు బాక్స్ (ఎంసీబీ) ముందు తేలిగ్గా తెరుచుకునే చిన్న తలుపు పెట్టొచ్చు, పటం తగిలించి దాచేయకండి. చీకట్లో చేయి పెట్టగానే అందాలి. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, కాబట్టి గాలి ఆడని పెట్టెలో మూయకూడదు, దాని పైన దీపం గానీ అగరొత్తి గానీ పెట్టకూడదు.

స్కూటర్‌కు మాత్రం నడవలో ఛార్జింగ్ వద్దు. బ్యాటరీకి నిప్పంటుకుంటే ఇంట్లోవాళ్లు బయటపడాల్సిన ఒకే దారి మూసుకుపోతుంది. రాత్రంతా పెట్టి పడుకోవడం ఇంకా ప్రమాదం.

కొత్తగా కట్టుకుంటున్నాం. మేస్త్రీకి ఇప్పుడే ఏం చెప్పాలి?

గోడలు లేవకముందే అడిగారు, సంతోషం. వీలైతే నడవ నాలుగున్నర అడుగులు ఉంచమనండి, హాలులో అరడుగు తగ్గినా తెలియదు, నడవలో అరడుగు పెరిగితే రోజూ తెలుస్తుంది. తొమ్మిదంగుళాల గోడ వచ్చే వైపు దీపానికీ తాళాలకూ ఒకటో రెండో గూళ్లు కట్టించుకోండి. పాత ఇళ్లలో ప్రతి గోడకూ ఉండేవి, నేల మీద ఒక్క అంగుళం చోటు తీసుకోవు. కట్టిన గోడను తర్వాత తొలిచే పని మాత్రం పెట్టుకోకండి, ఇంజనీరును అడగకుండా అసలే వద్దు. తలుపు ఏ గోడ వైపు తెరుచుకోవాలో ముందే తేల్చి, ఆ గోడను సామాను లెక్కలోంచి తీసేయండి. లైటు స్విచ్ తాళం తీసిన చేతికి వెంటనే అందే వైపు ఉండాలి, తెరిచిన తలుపు వెనక పడకూడదు. కప్పు పదడుగులుంటే ఏడడుగుల పైన రెండడుగుల లోతు అటక వేయించండి, పండగ సామాన్లు, ఖాళీ సూట్‌కేసులు అక్కడికి పోతాయి. అటక నడవ మొత్తం పొడవునా వేస్తే తల మీద బరువుగా ఉంటుంది, హాలు వైపు చివర మాత్రం చాలు. నేలకు గరుకు టైల్స్ ఎంచి, వెడల్పు దిశలో పరవమనండి. గుమ్మం బయట కాళ్లు కడుక్కోవడానికి ఒక కొళాయి, దాని నీళ్లు వీధిలోకి పారకుండా చిన్న జాలీ. చాలామంది మరిచిపోయేది ఈ కొళాయినే, ప్లంబర్ పైపులు వేసే రోజే దగ్గరుండి పెట్టించుకోండి.